మామూలు మంగళవారం గురించి అడుగు

హన్మకొండ

బిడ్డా,

నువ్వు పంపిన కాయితాల కట్ట పోయిన శనివారం చేరింది. ఒకసారి గబగబ చదివిన, తర్వాత పెన్సిల్ పట్టుకొని నిమ్మళంగ చదివిన. పదకొండు మంది పిల్లల బతుకు కథలు. ఒక్క ఏడాదిల, చదువుకుంట, హాస్టళ్లు తిరుగుకుంట ఇంతమందిని కూసోబెట్టి మాట్లాడించినవంటే మామూలు సంగతి కాదు. నీ వయసుల నాకు ఇంత ఓపిక లేకుండె. అందుకే నీతోని సూటిగ మాట్లాడబుద్ధయితున్నది.

ఆ కట్టల నాకు అన్నిటికంటె నచ్చిన మాట ఏ కథల లేదు. నువ్వు కట్ట మీద పెట్టిన ఉత్తరంల ఉన్నది. ఉట్నూరు దిక్కు నుంచి వచ్చిన గోండు పిల్ల గురించి చెప్పుకుంట, పోనీలే అన్నట్టు ఒక వాక్యం రాసినవు. వాళ్ల అమ్మ ఫోన్ చేస్తే ఆ పిల్ల గదిల మాట్లాడదట. డాబా మీదికి పోయి, ఆరేసిన బట్టల నడుమ నిలబడి, గొంతు తగ్గించి గోండీల మాట్లాడ్తదట. కిందికి దిగినంక మళ్ల అందరి లెక్కనే ఉంటదట.

ఇప్పుడు నువ్వు రాసిన ఆమె కథ తియ్యి. ఆరు పేజీలున్నది. పుష్య అమావాస్య, కేస్లాపూర్ నాగోబా, మెస్రం వంశపోళ్లు హస్తినమడుగు దాక కాలినడకన పోయి గోదావరి నీళ్లు తెచ్చుడు, దండారి పండుగ, గుస్సాడీ ఆటగాళ్ల నెమలి ఈకల కిరీటాలు. ఒక్క తప్పు లేదు. కాని ఆరు పేజీలల్ల ఆ పిల్ల ఏది? ‘మీ పండుగల గురించి చెప్పు’ అని అడిగి ఉంటవు. ఆమె చెప్పింది. చిన్నప్పటి నుంచి బడికి ఏ పెద్దమనిషి వచ్చినా ఆమెను అదే అడిగి ఉంటరు, ఆ జవాబు ఆమెకు కంఠతా వచ్చు. నాగోబా జాతర గురించి తెలుసుకోవాలంటే చదువరికి వేరే తొవ్వలు మస్తుగున్నయి. బట్టల నడుమ నిలబడి తల్లితోని మాట్లాడే ఆ పిల్ల కాడికి పోవాలంటే మాత్రం నువ్వొక్కదానివే తొవ్వ.

పండుగ అడగకు బిడ్డా. మామూలు మంగళవారం గురించి అడుగు. పొద్దుగాల ఇంట్ల అందరికంటె ముందు లేచేదెవరు? బడికి పోయే తొవ్వల వాగు ఉంటదా, ఉంటె వానకాలం చెప్పులు ఏం చేస్తవు? ఇంట్ల ఎవరి పక్కన పండుకునేదానివి? నిన్ను ఇంట్ల ఏమని పిలుస్తరు, హాజరు పట్టీల ఏమున్నది? ఈ చివరిది మరిచిపోకు. నేను ముప్పై ఏండ్లకు పైగ పంతులు కొలువు చేసిన. గూడేల నుంచి, తండాల నుంచి వచ్చిన పిల్లలకు చాలామందికి రెండు పేర్లుండేవి. ఒకటి తల్లి పెట్టింది, ఇంకొకటి బడిల చేర్పించిన నాడు మాలాంటి పంతులు నోటికి వచ్చినట్టు రాసింది. పిలిస్తే రెండో పేరుకు జర ఆలస్యంగ పలికేటోళ్లు. ఆ జరంత ఆలస్యం మీద నేను ఒక్క కథ గూడ రాయలె, ఇప్పటికీ మనసుల ఉన్నది. నువ్వు రాయి.

ఆ గోండు పిల్ల సంగతిలనే ఇంకొకటి. 1940లల మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మార్లవాయిల ఉండి, గోండు పిల్లల కొరకు గోండీల వాచకాలు తయారు చేయించి, గోండు యువకులకే పంతుళ్లుగ శిక్షణ ఇప్పించిండు. అంటే ఎనభై ఏండ్ల కింద ఆ భాషల బడి నడిచింది. ఇయ్యాల అదే భాషను డాబా మీదికి ఎక్కి గుట్టుగ మాట్లాడవలసి వస్తున్నది. వాళ్ల ముత్తాతలల్ల ఎవరన్న ఆ బడిల కూసున్నరేమో అడుగు. లేదంటె లేదు. ఉన్నదంటె మాత్రం ఆ రెండు సంగతులు పక్కపక్కన పెట్టి, నువ్వేం చెప్పకుంట పక్కకు జరుగు.

ఇగ భాష. దీని మీద నాకు కోపమే వచ్చింది, దాచుకోను. పదకొండు మంది మాట్లాడిన్రు, నాకు ఒక్క గొంతే వినవడ్డది. అది నీది. డోర్నకల్ దిక్కు తండా పిలగాడు తల్లిని ‘యాడి’ అంటడు గదా, నీ కాయితంల ‘అమ్మ’ అయింది. సిరిసిల్ల పిలగాడు మహారాష్ట్రల భీవండిల పుట్టి పదేండ్లు అక్కడ పెరిగినోడు. వాని మాటల మరాఠీ, హిందీ కలగలిసి ఉంటయని నువ్వే రాసినవు, కాని వాని నోట పలికించిన ఒక్క వాక్యంల గూడ ఆ జాడ లేదు. జగిత్యాల పిల్ల తండ్రి ‘గల్ఫ్ దేశంలో ఉపాధి పొందుచున్నారు’ అట! ఆ పిల్ల ‘మా బాపు దుబాయి పోయిండు’ అని ఉంటది. ఆమె మూడేండ్లప్పుడు పోయినోడు, రెండేండ్లకొకసారి వస్తడు, వచ్చిన నాడు పెట్టె తెరిస్తే సబ్బుల వాసన ఇల్లంత నిండుతది. ఇది ఆమె చెప్పిందే, నువ్వు చివరి పేజీల కింద మూలకు పెట్టినవు. పైకి తీసుకురా. భాషను కడిగి ఆరేస్తే శుభ్రమయితదనుకున్నవు, మనిషి వాసన పోయింది.

మనం నిలబడ్డ గడ్డను గూడ ఒకసారి చూడు. పాలకుర్తి సోమనాథుడు ఈ పక్కనోడే. తెలుగుల రాసిండు, కన్నడంల రాసిండు, సంస్కృతంల రాసిండు. కాళోజీ కర్ణాటకల రట్టిహళ్లిల పుట్టి, మన మడికొండల పెరిగిండు. ఆయన పుట్టిన సెప్టెంబర్ 9నే మనం తెలంగాణ భాషా దినోత్సవం అని చేసుకుంటున్నం. వరంగల్ మండిబజార్ల ఉర్దూ, తండాలల్ల లంబాడోళ్ల గోర్ బోలీ, కాగజ్‌నగర్ దిక్కు కాందిశీకుల ఇండ్లల్ల బెంగాలీ. ఒక్క తీరు మాట అన్నది ఈ జిల్లాలల్ల ఎన్నడు లేకుండె. నీ పుస్తకంల ఎందుకుండాలె?

నీ ముందుమాటల గోండీకి లిపి లేదని రాసినవు. అది దిద్దుకో. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలల పాత రాతప్రతులు దొరికినయి. ఆ లిపిని గుంజాల గోండి అంటరు, 2018ల కంప్యూటర్ అక్షరాల పట్టిక యూనికోడ్‌లకు గూడ ఎక్కింది. ఆ పిల్లకు ఆ లిపి రాకపోవచ్చు, పర్వాలేదు. ఆమె తల్లితోని మాట్లాడే మాటలల్ల ఆమెకు ఇష్టమైనది ఒక్కటి చెప్పమను. గోండీలనే, తెలుగు అక్షరాలల్ల పెట్టు, కింద అర్థం రాయి. గోండీల నీళ్లను ‘ఏర్’ అంటరు. మనకు ఏరంటె పారే నీళ్లు. రెండూ ద్రావిడ భాషలే. అంత దగ్గరి చుట్టం మన హాస్టల్‌ల దూరపోళ్ల లెక్క బతుకుతున్నదని చదువరికి ఆ ఒక్క మాటతోని అర్థమయితది.

ఇటుక బట్టీ పిలగాని కథ చదువుతుంటె నీ కన్నీళ్లు కాయితం మీద కనవడుతున్నయి. ఒడిశా బలంగీర్ నుంచి దీపావళి దాటినంక పెద్దపల్లి దిక్కు బట్టీలకు వచ్చి, వానలు పడకముందు మళ్ల తిరిగిపోయే కుటుంబం. ఆ కష్టం చిన్నది కాదు, నువ్వు ఏడ్చుడు తప్పు కాదు. కాని ‘పాపం’ అన్న మాట నాలుగుసార్లు వచ్చింది. నాలుగూ కొట్టేసిన. నడుమ ఒక్కకాడ, వాడు ఎండకు పచ్చి ఇటుకలను తిరగేసేటప్పుడు గోరుతోని గీకి చూస్తడని రాసినవు. గీత తెల్లగ పొడిపొడిగ పడితె ఆరినట్టు, మెత్తగ దిగబడితె ఇంకొక పూట ఎండ కావాలె. నేను ఆ గోరు కాడ మస్తుసేపు ఆగిన. అది వాడు నేర్చుకున్న విద్య, తండ్రి దగ్గర నేర్చుకున్నడా, చూసి పట్టుకున్నడా? మొదటిసారి తప్పు పోయిందా? తప్పు పోతే ఎవరు తిట్టిన్రు? వాడు ఏ తరగతిల బడి మానేసిండో నువ్వు రాసినవు గని ఈ చదువును ఒక్క వాక్యంతోని దాటిపోయినవు. అక్కడ ఒక పేజీ కూసో. పాపం అనుకునే మనిషి నిలబడి కిందికి చూస్తడు, నువ్వు వాని పక్కన మట్టిల కూసో.

సిరిసిల్ల పిలగాడు రాత్రి కరెంటు పోయి సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగితె ఆ నిశ్శబ్దానికి మెలకువ వచ్చి కూసుంటడన్నది గూడ అట్లాంటిదే. దాన్ని కదపకు, అట్లనే ఉంచు.

ఇప్పుడు చెప్పేది నా తప్పు. చాలామందికి చెప్పలె. మానుకోట దిక్కు ఒక ఊరి బడిల పనిచేసేటప్పటి ముచ్చట. పదో తరగతిల ఒక తండా పిలగాడు నాతోని బాగ మాట్లాడేటోడు. ఒకనాడు బడి విడిచినంక చెప్పిండు, పరీక్ష ఫీజుకు పైసలు లేకుంటె వాళ్ల యాడి టోప్లీలు కుదువ పెట్టిందని. టోప్లీలంటె తెలుసు గదా, చెంపల పక్కన జడలకు వేలాడే వెండి సొమ్ములు. పెండ్లయిన లంబాడ ఆడమనిషికి అవి పుస్తెల తోటి సమానం. అవి లేని సంగతి ఇంట్ల తెల్వకుంట ఆమె ముసుగు ముందటికి గుంజుకొని తిరుగుతున్నదట. ఆ ముసుగు నా కండ్లల్ల నిలిచింది. నాలుగు రోజులల్ల రాసి ఒక వారపత్రికకు పంపిన, వేసిన్రు. పిలగాని పేరు మార్చిన గని ఊరు మార్చలె. తల్లి గొప్పతనం లోకానికి చెప్పిన అనుకున్న.

రెండు వారాలకు వాడు తరగతి గుమ్మం కాడ వచ్చి నిలబడ్డడు. చేతిల ఆ పత్రిక, నాలుగు మడతలు పెట్టి ఉన్నది. లోపలికి రమ్మన్న, రాలె.

‘సార్, మా యాడికి తెలుగు చదువరాదు. మా బాపుకు వస్తది.’

అంతే అన్నడు. పత్రికను కిటికీల పెట్టి పోయిండు. ఆ ఏడు పరీక్ష పాసయిండు గూడ. నాతోని లెక్కల గురించి, వ్యాకరణం గురించి మాట్లాడిండు గని ఇంటి ముచ్చట మళ్ల ఒక్కటి చెప్పలె. ఆ ఇంట్ల ఏం జరిగిందో నాకు ఇయ్యాల్టికి తెల్వదు. అడిగే ధైర్యం చెయ్యలె.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్న. రాసింది అచ్చుకు పోకముందు, చెప్పినోళ్ల ముందట కూసొని పైకి చదువుత. చదువు రానోళ్లకైతే తప్పకుంట. వాళ్లు చెయ్యి లేపితె ఆగుత. ‘ఇది వద్దు సార్’ అంటె ఎందుకని అడగ, కొట్టేస్త, అది ఎంత మంచి వాక్యమైనా సరే. కొట్టేసేటప్పుడు పానం గుంజుతది, నీకు గూడ గుంజుతది. కాని వాళ్లు చూస్తుండంగ కొట్టేస్తె, చాలాసార్లు ఇంకొక ముచ్చట చెప్పిన్రు, అడగకుంటనే.

అందుకే ములుగు అడవుల పిలగాని కథను పక్కకు తీసి పెట్టు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి గూడెం వేసుకున్న గుత్తికోయల కుటుంబం వాళ్లది. నువ్వు వాగు పేరు రాసినవు, గుట్ట పేరు రాసినవు, ఎన్ని గుడిసెలున్నయో లెక్క గూడ రాసినవు. వివరం ముఖ్యమని ఇన్ని రోజులు నేనే నీ చెవులు నింపిన, నిజమే. కాని కాలి కింది భూమికి కాయితం లేని మనుషుల కాడికి తొవ్వ గీసి పెట్టొద్దు. వాగు ఉండనీ, దాని పేరు తీసెయ్యి. వానికి పదహారేండ్లే. వాడు సరే అన్నా వాళ్ల పెద్దల ముందట గూడ చదవాలె, వాళ్ల భాషల చెప్పేటోళ్లను ఒకరిని వెంట తీసుకపోయి.

ఇంకొక పని ఉన్నది. నువ్వు పదకొండు మందితోని ఒక్కొక్కరితోని వేరేవేరేగ మాట్లాడినవు. ఒకరి ముచ్చట ఇంకొకరికి తెల్వదు. ఒక సాయంత్రం అందరిని భద్రకాళి చెరువు కట్ట మీదికి తోలుకపో. నోట్‌బుక్ సంచిలనే ఉండనీ, ఫోన్‌ల రికార్డు పెట్టకు. నువ్వు ప్రశ్నలు అడగకు, వాళ్లను ఒకరినొకరు అడగనీ. సిరిసిల్ల పిలగాన్ని భీవండిల తెలుగోడన్నరు, సిరిసిల్లకు వస్తె భీవండోడు అంటున్నరు. ఆ మాట విని ఆ గోండు పిల్ల వాన్ని ఏమడుగుతదో నీకు గాని నాకు గాని తట్టదు. జగిత్యాల పిల్ల, బట్టీ పిలగాడు ఇద్దరూ పైసల కొరకు ఊరు విడిచిన ఇండ్ల పిల్లలే. ఒకరి బాపు ఒక్కడే పోయిండు, ఇంకొకరిది ఇల్లంత కదిలింది. వాళ్లిద్దరు ఒకరితోని ఒకరు ఏం మాట్లాడుకుంటరో వినాలె.

అట్ల కూసున్నప్పుడు మొదలు నువ్వు చెప్పాలె. పదకొండు తలుపులు తట్టినవు గని నీ తలుపు తీయలె. మీ తాత ఆజంజాహి బట్టల మిల్లుల పనిచేసిండని ఒక్కసారి నాతోని అన్నవు, మళ్ల ఎన్నడు ఆ ముచ్చట ఎత్తలె. 1934ల పెట్టిన మిల్లు, మీ తాతల లెక్క ఎన్ని ఊర్లోళ్లను వరంగల్‌కు తెచ్చిందో. అది మూతపడ్డంక మీ ఇంట్ల పొద్దు ఎట్ల తెల్లారింది? మీ తాత మామూలు మంగళవారం నాడు, మిల్లు లేని మంగళవారం నాడు, పొద్దుగాల లేచి ఎటు పోయేటోడు? నువ్వు ఇది చెప్పకుంట వాళ్లను మాత్రం అడిగినవు. వాళ్లు మంచోళ్లు గాబట్టి చెప్పిన్రు. పన్నెండో కథ నీది కావాలె, పుస్తకంల ముందుగాల అదే ఉండాలె.

కట్టను పోస్టుల పంపుతలేను. పెన్సిల్ గీతలు మస్తుగున్నయి, పక్కన కూసోబెట్టి చూపెట్టాలె. ఆదివారం పొద్దుగాల రా, ఇక్కడనే తిందువు. ఆ గోండు పిల్ల వస్తనంటె ఆమెను గూడ తోలుకరా. నడుమ వాళ్ల అమ్మ ఫోన్ చేస్తె డాబా ఎక్కే పని లేదని చెప్పు. ముందటి అర్రల, మా అందరి నడుమ కూసొని మాట్లాడుకోవచ్చు.

మీ సార్