సమాధానం: చేజ్‌తో మొదలైనా టెన్షన్ ఎందుకు రావట్లేదంటే

గోవిందరాజస్వామి గుడి పక్క సందుల్లో తీసిన చేజ్‌తో, అంటే ఒకరిని తరిమే సీన్‌తో, మీ షార్ట్ ఫిల్మ్ మొదలవుతోంది, కట్స్ ఎంత వేగంగా పెట్టినా చూసినవాళ్లకి ఏమీ అనిపించట్లేదు అన్నారు కదా. నాకైతే ఇది ఎడిటింగ్ సమస్యలా లేదు. డ్రోన్‌తో తిరుపతి అంతా చూపించి, వెంటనే పరుగు మొదలుపెట్టేశారు. పరిగెత్తేవాడు ఎవరో తెలియకముందే అతని కోసం ఎవరు భయపడతారు?

ముందు అతని ముఖం క్లోజప్‌లో పెట్టండి. నాలుగైదు సెకన్లు కట్ చేయొద్దు. అతను పక్కకి చూడాలి, కానీ ఏం చూశాడో మనకి వెంటనే చూపించకండి. భయం పుట్టేది ఆ ఆలస్యంలోనే. చుట్టుపక్కలంతా కనిపించే వైడ్ షాట్ దాని తర్వాత వస్తే, అంత జనంలోనూ అతను ఒంటరిగా కనిపిస్తాడు.

ఇక పరుగు. దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపించే 200 ఎంఎం లాంటి టెలీ లెన్స్‌తో దూరం నుంచి, ఎదురుగా తీయండి. అతనికీ వెనకవాళ్లకీ మధ్య దూరం కుదించుకుపోయినట్టు కనిపించి, ఎంత పరిగెత్తినా ముందుకి రానట్టూ, వెనకవాళ్లు మీద పడిపోతున్నట్టూ ఉంటుంది. అదే 24 ఎంఎం లాంటి వైడ్ లెన్స్‌తో దగ్గర నుంచి తీస్తే వేగం ఎక్కువ అనిపిస్తుంది. హీరో ఎడమ నుంచి కుడికి వెళ్తుంటే తరిమేవాళ్లూ అటే వెళ్లాలి, లేదంటే ఎదురొస్తున్నట్టు ఉంటుంది. సెకనుకి 24 ఫ్రేమ్‌లు తీస్తుంటే షటర్ (ఒక్కో ఫ్రేమ్‌కి వెలుతురు పడే సమయం) సెకనులో 1/50 వంతు చాలు.

డ్రోన్ షాట్ పారేయక్కర్లేదు, చేజ్ ముగిశాక వాడుకోండి. మళ్లీ తీయాలనుకుంటే తిరుమల కొండ మీద మాత్రం ఎగరేయకండి, అక్కడ డ్రోన్లు నిషేధం.