రాజుగారు మూలకెందుకు పోయారు?

ప్రశ్న: వార్సాలో చదువుకుంటున్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, అక్కడి నేషనల్ మ్యూజియంలో 'గ్రున్‌వాల్డ్ యుద్ధం' అనే పేద్ద ఆయిల్ పెయింటింగ్ చూశాం. మధ్యలో ఎర్ర బట్టలేసుకుని కత్తి ఎత్తినాయన రాజే కదా మాస్టారూ? అంత గందరగోళంగా ఎందుకు వేశారు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: రాజు కాదమ్మా. నేనూ మొదట అలాగే పొరబడ్డాను. ఆయన లిథువేనియా ప్రభువు వితౌతాస్. పోలండ్ రాజు యగ్యెల్లో కుడివైపు పైన, వెనకాల గుట్ట మీద చిన్నగా ఉంటాడు. ఇద్దరూ అన్నదమ్ముల పిల్లలే. 1410 జూలై 15న ఇద్దరూ కలిసి ట్యుటానిక్ యోధుల్ని, అంటే జర్మన్ క్రైస్తవ యోధుల దండుని, ఓడించారు.

ఎర్ర బట్టలాయనకి ఎడమ పక్కన తెల్ల అంగీలో గుర్రం మీదున్నాయన ఆ యోధుల పెద్ద, ఉల్రిచ్. ఆయన మీద పడుతున్నవాళ్ళని చూశారా? కిరీటాల వాళ్ళు కాదు, మామూలు కాలిబంట్లు. ఒకడి చేతిలో ఈటె. అంత గొప్పవాణ్ణి చంపే పని, ఈ బొమ్మ వేసిన పోలండ్ చిత్రకారుడు మతేయ్‌కో వాళ్ళకి అప్పజెప్పాడు. నాకైతే బొమ్మ మొత్తానికి ప్రాణం అక్కడే ఉందనిపిస్తుంది.

ఇక గందరగోళం. యాన్ మతేయ్‌కో దీన్ని 1878లో ముగించాడు. అప్పటికి మ్యాపులో పోలండ్ అనే దేశమే లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచేసుకున్నాయి. ఆయన ఉన్న క్రాకవ్ ఆస్ట్రియా కింద ఉండేది. దేశం పోయినవాళ్ళకి పాత గెలుపు చూపించాలన్న ఆత్రంలో, యుద్ధంలో వేర్వేరు వేళల్లో జరిగినవన్నీ ఒకే చోట కుక్కేశాడు. ఆకాశంలో మోకాళ్ళ మీద ఒక సెయింటు కూడా! మా డ్రాయింగ్ క్లాసులో ఎవరైనా ఇలా వేసుకొస్తే, 'కంటికి కాస్త ఖాళీ ఉంచరా' అని మార్కులు కోసేవాణ్ణి.

కానీ 14 అడుగుల ఎత్తు, 32 అడుగుల పొడవున్న ఆ బొమ్మకి నాజీలు కూడా భయపడ్డారమ్మా. 1939లో పోలండ్ వాళ్ళు దాన్ని చాపలా చుట్టి లూబ్లిన్ ఊరి వైపు తరలించారు, తర్వాత భూమిలో పాతిపెట్టారు. పట్టిచ్చినవాళ్ళకి నాజీలు పెద్ద బహుమతి ప్రకటించినా దొరకలేదు. 1944లో బయటికి తీసేసరికి చెమ్మకి బాగా పాడైపోయింది. బాగుచేసి మళ్ళీ గోడకెక్కించారు.

ఈసారి వెళ్తే మధ్యలో నిలబడకండి. కుడివైపు చివరికి వెళ్ళి తలెత్తండి. గుట్ట మీద రాజుగారు కనిపిస్తారు.