అటక గదికి ఏసీ కొనేముందు పెంకుల సంగతి చూడమ్మా

అమ్మాయ్,

అటకని గదిగా మార్చుకున్నావని, ఎండాకాలం పగలంతా అందులో కూర్చుని పని చేసుకోలేకపోతున్నావని, ఒకటిన్నర టన్ను ఏసీ కొందామనుకుంటున్నావని రాశావు. ఇప్పుడే కొనకు. ముందు నెత్తిమీదున్న పెంకుల పని చేయించు. ఆ తర్వాత కూడా ఏసీ కావాలనిపిస్తే నీ చిన్న గదికి ఒక టన్నుదే సరిపోవచ్చు.

కింది గదులకి గోడల నుంచి, కిటికీల నుంచి కూడా వేడి వస్తుంది, నీకు మాత్రం దాదాపు మొత్తం పైనుంచే. తిరుపతి భూమధ్యరేఖకి ఉత్తరంగా పదమూడున్నర డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి ఏప్రిల్ చివర్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నెత్తిమీదే ఉంటాడు, గోడల మీద ఎండ పెద్దగా పడదు, పడేదంతా కప్పు మీదే. ఎండకి కాగిన పెంకు ఆ వేడిని కిందికి వదులుతుంది. ఫ్యాన్ వేస్తే ఆ వేడిగాలే నీ మీదికి వస్తుంది. పైగా అంత తక్కువ ఎత్తులో సీలింగ్ ఫ్యాన్ తలకి ప్రమాదం, గోడకి బిగించేది పెట్టుకో.

పెంకుల కింద వాసాలకి అల్యూమినియం ఫాయిల్ షీటు కొట్టించు. పెంకుకీ ఫాయిల్‌కీ మధ్య కనీసం ఒక అంగుళం సందు ఉండాలి, దాని కింద కూడా అంతే, మెరిసే వైపు కిందికి ఉండాలి. పైకి పెడితే దుమ్ము పట్టి కొన్నాళ్లకి పనికిరాకుండా పోతుంది. మెరిసే వైపుని సందు లేకుండా దేనికైనా అంటించేస్తే ఫాయిల్ వల్ల ఒరిగేదేమీ లేదు, చాలామంది పనివాళ్లు ఇక్కడే తొందరపడతారు, నువ్వు పక్కనే నిలబడి చూడు. కింది సందు వదిలాక రాక్‌వూల్, అంటే రాతిపీచు పరుపు, దాని కింద జిప్సం బోర్డు. రాక్‌వూల్ పరిచేవాళ్లకి మాస్కూ గ్లౌజులూ నువ్వే కొనివ్వు, ఆ పీచు చర్మానికీ గొంతుకీ మంచిది కాదు. థర్మోకోల్ చవక కదా అంటారు, ఒప్పుకోకు, అంటుకుంటే ఆగదు, ఆ పైన వైర్లు కూడా పోతుంటాయి. వైర్లన్నీ పైపులోనే పోవాలి.

వెనకవైపు కొంత భాగం పాత సిమెంటు రేకులని రాశావు. వాటిని డ్రిల్ చేయడం, కోయడం, చీపురుతో ఊడవడం ఏదీ వద్దు. ఆ కాలం రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ఎన్నో ఏళ్ల తర్వాత రోగమై బయటపడుతుంది. అక్కడ పైన ఎండని తిప్పికొట్టే తెల్ల కూల్‌రూఫ్ పెయింట్ వేయించి ఊరుకో, అది కూడా ముందు రేకుల్ని బ్రష్‌తో రుద్ది శుభ్రం చేయకుండా. మిగతా పెంకులకి సున్నమైనా చాలు, కానీ వానకి కరిగిపోతుంది కాబట్టి ప్రతి మార్చిలో వేయించాలి.

ఇక వేడిగాలికి దారి. అది పైకి పోతుంది కాబట్టి ఒక చివర ముక్కోణం గోడలో బాగా పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్, రెండో చివర కింద కిటికీ ఉండాలి. ఎగ్జాస్ట్ కంతకి గట్టి ఇనుప జాలీ మర్చిపోవద్దు, కపిలతీర్థం వైపు కోతుల సంగతి నీకు నేను చెప్పాలా? పగలు పదింటికల్లా కిటికీ మూసెయ్, బయట గాలి చల్లబడ్డాక తెరువు. పడమటి కిటికీకి కర్టెన్ కంటే బయట వేలాడేసిన వట్టివేర్ల తడిక నయం. కర్టెన్ ఎండని లోపలికి రానిచ్చాక ఆపుతుంది, తడిక బయటే ఆపేస్తుంది, నీళ్లు చల్లితే వాసన కూడా హాయిగా ఉంటుంది.

కూలర్ అడిగావు. ఏప్రిల్, మే పొడి ఎండల్లో బాగా పనిచేస్తుంది, కాకపోతే అది వేసినంతసేపు మాత్రం కిటికీ తెరిచే ఉంచాలి. వానలు మొదలయ్యాక గాల్లో తేమ ఎక్కువై చెమట ఆరదు, అప్పుడు కట్టేయడమే మంచిది. ఏసీ కొన్నా 26 దగ్గర పెట్టి ఫ్యాన్ వేసుకో. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని కేంద్రం నిబంధన పెట్టింది, 18కి తగ్గించినంత మాత్రాన గది త్వరగా చల్లబడదు, కరెంటు బిల్లు మాత్రం పెరుగుతుంది.

చలి మనకి పెద్దగా ఉండదు కానీ డిసెంబరు, జనవరి తెల్లవారుజామున పెంకుల కింద వణుకు పుడుతుంది. పైన చెప్పిన రాక్‌వూలే అప్పుడు లోపలి వెచ్చదనాన్ని ఆపుతుంది, వేరే ఖర్చు లేదు. ఆ నెలల్లో సూర్యుడు దక్షిణంగా వాలి ఉంటాడు కాబట్టి పగలు దక్షిణపు కిటికీ తెరిచి ఎండ రానివ్వు. ఒక్కటి మాత్రం నా మాట విను, ఎంత చలేసినా మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టొద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనా ఉండదు, రంగూ ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

నవంబరు పెద్ద వానల ముందు, అంటే సెప్టెంబరులోనే, కప్పంతా ఒకసారి చూపించు. 2021 నవంబరులో మన ఊరు ఎలా మునిగిందో గుర్తుంది కదా, రాక్‌వూల్ తడిసి ఉంటే వేడిని సరిగా ఆపదు. విరిగిన పెంకులకి మార్చడానికి అదే ఫ్యాక్టరీ పెంకులు కొన్ని కొని దాచిపెట్టు, వేరేవాటి గాడులు ఒకదాంట్లో ఒకటి కూర్చోవు.

అసలు పని మొదలుపెట్టే ముందు దూలాలు చూడాలి. అది సామాన్లు పెట్టుకోవడానికి కట్టిన అటక, మంచం, బీరువా, పుస్తకాల బరువుకి కాదు. ముఖ్యంగా దూలం గోడలోకి దిగేచోట చెదలు పడతాయి. ఆ చివర్లు కనిపించేట్టు కింద నుంచి ఫోటోలు తీసి పంపు, చూసి మేస్త్రీతో నేనే మాట్లాడతాను.

మీ మామ