పాపా, గ్రూపు మొదలుపెట్టే ముందు

పాపా,

సైకాలజీ, నాటకం, సంఘం పని మూడూ కలిపి చేస్తానంటున్నావు, చెయ్యి. కానీ నీ దగ్గర కౌన్సెలింగుకు వచ్చేవాళ్లను సంఘం మీటింగుకు పిలవకు. గుట్టంతా విప్పి చెప్పుకున్నామె నువ్వు ధర్నాకు రమ్మంటే కాదనలేదు. ఇష్టపడి వచ్చిందో మొహమాటానికి వచ్చిందో నీకూ తెలియదు.

నాటకంతో కౌన్సెలింగు చేసే గ్రూపులో పది మంది చాలు. వారానికోసారి, రెండు గంటలు, ఎప్పుడూ అదే మనుషులు. మొరేనో అనే డాక్టరు వియన్నాలో 1921లో మొదలుపెట్టిన సైకోడ్రామాలో, అంటే ఎవరి బాధను వాళ్లు ఆడి చూసుకునే పద్ధతిలో, ముందు సన్నాహం, తర్వాత సన్నివేశం, చివర పంచుకోవడం. కొత్తగా నడిపేవాళ్లు సన్నివేశానికే గంటన్నర తినేస్తారు. చివరిదానికి ముప్పావుగంట ఉంచు. అప్పుడు ఎవరూ సలహాలివ్వకూడదు, "మా ఇంట్లోనూ ఇట్లే" అనొచ్చు, అంతే. సన్నివేశంలో ఎవరికో అత్త పాత్ర వేసినామె వేషానికి కప్పుకున్న శాలువా తీసి, మడిచి కుర్చీలో పెట్టి, "నేను అత్తను కాదు" అని తన పేరు గట్టిగా చెప్పాలి. ఇది ఎగ్గొడితే ఆమె మీద రేగిన కోపం బస్టాండు దాకా వెంటపోతుంది. గంగజాతర చూసి పెరిగిన తిరుపతి వాళ్లకు వేషం కట్టడం నేర్పక్కర్లేదు, విప్పించడమే నీ పని.

మొదటి నెల చావులు, అత్యాచారాలు ముట్టుకోకు. ఓనరును జీతం అడగలేకపోవడం లాంటివి చాలు. చచ్చిపోవాలనుందని ఎవరైనా అంటే ఆట ఆపి, పక్కకు తీసుకెళ్లి ఆ మాటే సూటిగా అడుగు. ఒంటరిగా పంపకు, రుయా ఆస్పత్రికి తీసుకుపో. టెలీమానస్ హెల్ప్‌లైను 14416 రాత్రయినా పలుకుతుంది.

ఫిలాసఫీ ఉన్నది కొటేషన్లు చెప్పడానికి కాదు, ప్రశ్న సరిగ్గా అడగడానికి. "ఎందుకిట్లా చేశావు?" అంటే సంజాయిషీ వస్తుంది. "పరువు పోతుందంటున్నావే, ఎవరి ముందు? నీ కష్టానికి వాళ్లలో ఎవరొచ్చారు?" అని అడుగు, తర్వాత నోరు మూసుకో.

పల్లెల్లో బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోవాల్ పద్ధతి పట్టుకో. డ్వాక్రా మీటింగు రోజు మాత్రం వద్దు, అందరి మనసూ అప్పు కంతుల మీదుంటుంది. పది నిమిషాల ఆట, ఆడమనిషి ఓడిపోయేచోట ముగించు. మళ్లీ మొదటినుంచి ఆడుతుంటే చూసేవాళ్లలో ఒకరు "ఆపండి" అని లేచి ఆ ఓడిన పాత్రలోకి రావాలి. తాగుబోతు మొగుడి పాత్రలోకి రానివ్వకు. ఒక్క మాటకే మంచివాడైపోతాడు, చప్పట్లు మోగుతాయి, ఇంట్లో ఏదీ మారదు.

గ్రూపులో విన్న కథను పేరు మార్చి వీధిలో ఆడించకు. చంద్రగిరిలో మిషన్ కుట్టే ఆమె, మొగుడికి ఆటో అంటే చాలు, ఊరు పోల్చేస్తుంది. పల్లె ఆటకు కథ ఆ పల్లెవాళ్లనే అడిగి కట్టు, వాళ్లు చూసి సరేనన్నాకే ఆడించు.

ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ చేతికొచ్చేదాకా బోర్డు మీద క్లినికల్ సైకాలజిస్టు అని రాయించకు. సూపర్‌విజన్‌కు, అంటే నీ పని చూసి సరిదిద్దే పెద్ద సైకాలజిస్టు దగ్గరికి, నెలకు రెండుసార్లైనా వెళ్లు, ఆ మనిషి మాత్రం మీ సంఘంలో వాళ్లు కాకూడదు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ