18 నిండి బాలల హోమ్ నుంచి వచ్చిన అమ్మాయికి ఆఫ్టర్ కేర్ (హోమ్ విడిచాక నిలదొక్కుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే సాయం) డబ్బు పడట్లేదన్న ప్రశ్నకు

దరఖాస్తు హోమ్‌లో ఇచ్చి మూడు నెలలైంది అన్నారు. అది బాలల సంక్షేమ సమితి (ఆదరణ లేని పిల్లల కేసులు చూసే జిల్లా సమితి) దాకా వెళ్లి ఉండదు. సమితి ఉత్తర్వు లేకపోతే ఫైల్ కదలదు.

1. హోమ్‌లో ఆమె వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక, విడుదల ఉత్తర్వు నకళ్లు తీసుకోండి.

2. సమితికి ఆమె పేరుతోనే అర్జీ రాయించండి. ఒక కాపీ జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. "18 దాటింది కదా" అని తిప్పి పంపితే ఒప్పుకోకండి. 2015 బాల న్యాయ చట్టం సెక్షన్ 46 ఉన్నదే 18 నిండినవాళ్ల కోసం. మామూలుగా 21 ఏళ్ల వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో 23 వరకు సాయం ఇవ్వొచ్చు. కేంద్రం బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద అది నెలకు 4,000 రూపాయలు.

3. అందరూ మర్చిపోయేది ఇదే: ఆధార్‌కు ఏ ఫోన్ నంబర్ ఉందో చూడండి. చాలామంది పిల్లలకు వార్డెన్ నంబరే ఉంటుంది. అమ్మాయి బ్యాంకు కౌంటర్ దగ్గర నిలబడి ఉంటే ఓటీపీ ఎక్కడో వార్డెన్ ఫోన్‌కు వెళ్తుంది. ఆవిడ బదిలీ అయిపోతే ఇక అంతే. పాపం, ఆ పిల్ల తనదే తప్పనుకుని వెనక్కి వచ్చేస్తుంది. అందుకే ముందు సొంత సిమ్, తర్వాత ఆధార్ కేంద్రం. నంబర్ మార్పుకు వేలిముద్ర చాలు, వేరే పత్రాలు అడగరు.

4. మైనర్‌గా తెరిచిన ఖాతా అయితే కొత్త ఫొటో, సంతకంతో కేవైసీ మళ్లీ చేయించి, ఆధార్ లింక్ అయిందో లేదో అక్కడే అడగండి.

మొదటి రోజు సమితికి, బ్యాంకుకు మీరూ తోడు వెళ్లండి.