తలుపు తీస్తే ముఖాన మంచు

ప్రశ్న: అమెరికన్ హాస్యనటుడు డబ్ల్యు.సి. ఫీల్డ్స్ నటించిన 1933 నాటి ‘ది ఫేటల్ గ్లాస్ ఆఫ్ బీర్’ అనే లఘుచిత్రం ఈమధ్య చూశాను. మంచు ప్రదేశంలో ఉండే ముసలాయన (ఫీల్డ్సే) తలుపు తీసి, ఈ రాత్రి మనిషి గానీ పశువు గానీ బయట తిరగదగినది కాదు అని అన్నప్పుడల్లా, ఎవరో పక్కనుంచి విసిరినట్టు పిడికెడు మంచు ఆయన ముఖాన పడుతుంది. ఇది చేతకాని చిత్రీకరణా, లేక కావాలని చేసిన హాస్యమా?

జవాబు: ముమ్మాటికీ కావాలని చేసినదే. దాని దర్శకుడు క్లైడ్ బ్రక్‌మన్ అంతకు ఏడేళ్ల ముందే మూకీ హాస్యనటుడు బస్టర్ కీటన్‌తో కలిసి ‘ది జనరల్’ అనే చిత్రం తీసినవాడు. నిజమైన రైలింజనును మండుతున్న వంతెన మీద నుంచి నదిలో పడవేసి చూపిన మనిషికి మంచు కురిపించడం తెలియదని అనుకోలేము. ఫీల్డ్స్ 1928లో న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే రంగస్థలం మీద ఆడిన హాస్య ఘట్టమే ఈ చిత్రానికి మూలం. పట్నం వెళ్లిన కొడుకు ఒక్క గ్లాసు తాగి చెడిపోవడం, ముసలి తల్లిదండ్రులు కుమిలిపోవడం వంటి పాతకాలపు మద్యనిషేధ నాటకాల కన్నీటి ధోరణిని అది వెక్కిరిస్తుంది. అందుకే ఫీల్డ్స్ దళసరి చేతితొడుగులు తీయకుండానే తీగల వాద్యం మీటుతూ కొడుకు కథను పాటగా పాడతాడు. ఆ పాటకు పోలీసు అధికారి ఏడుస్తాడు. జైలు నుంచి తిరిగి వచ్చిన కొడుకును అక్కున చేర్చుకున్న ఆ తల్లిదండ్రులే, దొంగిలించిన సొమ్ము వాడి దగ్గర లేదని తెలియగానే కొట్టి బయటకు గెంటేస్తారు.

అయితే ఇటువంటి వింతలు టాకీలలోనే ఇంత బలంగా ఎందుకు పండాయన్నది అసలు విషయమని నా అభిప్రాయం. మూకీల రోజుల్లో కెమెరా పిడిని నెమ్మదిగా తిప్పి, ప్రదర్శనలో వేగం పెంచేవారు కనుక, మనుషుల నడకే మన లోకానికి చెందనట్టు ఉండేది. శబ్దం వచ్చాక వేగం సెకనుకు 24 ఫ్రేముల (బొమ్మల) దగ్గర స్థిరపడింది. తెర మీది మనుషులు మనలాగే నడవసాగారు, మామూలు గొంతుతో మాట్లాడసాగారు. అంత మామూలు లోకంలో జరగరానిది జరిగినప్పుడు, దాన్ని ఎవరూ వింతగా పట్టించుకోకపోతే, నవ్వు రెట్టింపవుతుంది.

అదే 1933లో వచ్చిన, హాస్య జంట లారెల్ హార్డీల ‘డర్టీ వర్క్’ చూడండి. పొగగొట్టంలోంచి జారి పొయ్యిలో కూలబడిన హార్డీ నెత్తిన ఇటుకలు ఒక్కొక్కటిగా పడతాయి. దెబ్బ వినపడుతుంది, ఆ తర్వాత నిశ్శబ్దం. ఇక అయిపోయిందనుకుని ఆయన తేరుకునేసరికి మరో ఇటుక పడుతుంది. ఆ నిశ్శబ్దాన్ని కొలిచి వాడుకోవడం టాకీ నేర్పిన విద్య. చివరికి వయసు తగ్గించే మందు కలిపిన తొట్టిలో పడిన హార్డీ చింపాంజీగా బయటికి వస్తాడు. నెత్తిన టోపీ మాత్రం అలాగే ఉంటుంది. మాట్లాడమని లారెల్ బతిమాలితే, తాను చెప్పవలసినదేమీ లేదని ఆ చింపాంజీ హార్డీ గొంతుతోనే జవాబిస్తుంది. గొంతు లేనిదే ఆ హాస్యం లేదు. మూకీలో అట్టమీద రాసి చూపితే అది చప్పగా చచ్చిపోయేది.

ప్రశ్న: ఇంత మంచి లఘుచిత్రాలను తీయడం ఎందుకు మానేశారు?

జవాబు: ఇవి ఎక్కువగా రెండు రీళ్లవి, అంటే సుమారు 20 నిమిషాలవి, పెద్ద చిత్రానికి ముందు వేసేవారు. ఆర్థిక మాంద్యపు రోజుల్లో ఒకే టిక్కెట్టు మీద రెండు పెద్ద చిత్రాలు చూపే పద్ధతి వ్యాపించడంతో, థియేటర్లలో వీటికి చోటు తగ్గింది. ‘ది మ్యూజిక్ బాక్స్’కు ఆస్కార్ తెచ్చుకున్న లారెల్ హార్డీల జంట సైతం 1935 తర్వాత లఘుచిత్రాలు మానుకుని పెద్ద చిత్రాలకే పరిమితమైంది. కొలంబియా చిత్ర సంస్థ మాత్రం త్రీ స్టూజెస్ అనే ముగ్గురు హాస్యనటుల బృందంతో 1950ల చివరిదాకా ఇవి తీస్తూనే వచ్చింది.