ఇంటి కంప్యూటర్‌కు యాంటీవైరస్, యాంటీ స్పైవేర్ విడివిడిగా కొనాలా?

విండోస్ 10 లేదా 11 ఉన్న ఇంటి కంప్యూటర్‌కు ఈ రెండింటినీ విడివిడిగా కొనవలసిన అవసరం లేదు; విండోస్‌తో పాటే ఉచితంగా వచ్చే డిఫెండర్ రెండు పనులూ చేస్తుంది. ఈ సందేహానికి మూలం పాత విండోస్‌లో ఉంది: 2007లో వచ్చిన విస్టాలోనూ, 2009 నాటి విండోస్ 7లోనూ డిఫెండర్ స్పైవేర్‌ను (మనకు తెలియకుండా మన సమాచారాన్ని చేరవేసే ప్రోగ్రామ్‌ను) మాత్రమే పట్టుకునేది కాబట్టి వైరస్‌ల కోసం వేరే సాఫ్ట్‌వేర్ పెట్టుకోవలసి వచ్చేది, 2012 నాటి విండోస్ 8తో రెండూ ఒకటయ్యాయి.

ఉదాహరణకు, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ కొని, దుకాణంవారు ఇచ్చిన వేరే యాంటీవైరస్‌ను వేయించుకుంటే, డిఫెండర్ సాధారణంగా తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది. గడువు ముగిశాక ఆ యాంటీవైరస్‌ను పూర్తిగా తొలగిస్తే మళ్లీ పని మొదలుపెడుతుంది.

రెండు యాంటీవైరస్‌లుంటే రెట్టింపు రక్షణ అన్నది చాలామందిలో ఉన్న అపోహ. ఫైలు తెరుచుకునే క్షణంలోనే దాన్ని తనిఖీ చేయడం వీటి పద్ధతి గనుక, రెండూ ఒకే ఫైలు కోసం పోటీపడి కంప్యూటర్ వేగాన్ని తగ్గిస్తాయి, ఒక్కోసారి ఒకదాన్నొకటి అనుమానిస్తాయి కూడా. మనం అడిగినప్పుడు మాత్రమే వెతికే స్కానర్‌తో ఈ చిక్కు రాదు. అయితే, ‘మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది’ అంటూ బ్రౌజర్‌లో హఠాత్తుగా కనిపించే ప్రకటన అంటగట్టే స్కానర్ మాత్రం చాలాసార్లు తానే స్పైవేర్.